దారి పొడవునా – 9 : తూకం కలిసిన దీవి

(గత భాగంలో ఫణిగిరి గుట్ట ఎక్కాం. 2024లో అక్కడ ఒక కుండలో బయటపడ్డ 3,730 సీసపు నాణేలు చూశాం. ఆ నాణేలకు ఒకవైపు ఏనుగు బొమ్మ ఉంది. ఈసారి ఆ ఏనుగును వెంటబెట్టుకుని సముద్రం దాటుదాం.)

నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్లో పొద్దున పూట తూకం దగ్గర నిలబడితే మనిషి స్వభావం తెలుస్తుంది. కాయ నచ్చిందా, ధర గిట్టిందా అన్నది తర్వాతి మాట. కాటా మీద బస్తా పెట్టగానే రైతు కళ్లు, కొనేవాడి కళ్లు ఒకేసారి అంకె మీదికి పోతాయి. ఇద్దరూ తలూపితేనే బేరం ముందుకు నడుస్తుంది. లంకకు బయలుదేరే ముందు రోజు మా పెద్దనాయన అక్కడే కనబడ్డాడు. ఎక్కడికి పోతున్నానో చెప్పాను.

"సంద్రం జూడనీకె లంకదాంక ఎందుకురా? గీ రోడ్డు మీద నిలబడితే బందరు బస్సు దొరకదా?" అన్నాడు.

ఆ మాటలో వెటకారం ఉంది, నిజమూ ఉంది. మన ఊరి పక్కగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణేలో మొదలై హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం దగ్గర సముద్రానికి తగులుతుంది. నకిరేకల్ మెట్ట ప్రాంతం. చెరువు నిండితే పండుగ, బావి ఎండితే వలస. ఇక్కడ పుట్టినవాడికి సముద్రం సినిమాలో కనబడేదే. అయినా ఈ ధారావాహికలో మొదటి నుంచీ మనం చూస్తున్నది ఒక్కటే: దారి ఉన్న ఊరికి ఏ రేవూ దూరం కాదు. ఈ దారి రేవు దగ్గర ఆగిపోలేదనీ, నీళ్ల మీదుగా సాగి ఒక దీవిని చేరిందనీ చెప్పడానికి మన మట్టిలోనే సాక్ష్యం ఉంది.

అక్కెనపల్లి వెండి

అప్పటి నకిరేకల్ తాలూకాలోని అక్కెనపల్లిలో ఒక నిధి దొరికింది. బంగారం కాదు, వెండి. మొత్తం 1,531 రోమను నాణేలు. వాటిని దీనారియస్‌లు అంటారు. మన పాత ప్రాకృత, సంస్కృత రాతల్లో కనబడే 'దీనారం' అన్న మాటకు మూలం ఇదే. వాటి మీద రోమును ఏలిన ఆగస్టస్, టైబీరియస్ ముఖాలు. క్రీస్తు పుట్టుకకు కాస్త అటూ ఇటూగా ఏలినవాళ్లు వీళ్లు. ఒక్కో నాణెం బరువు నాలుగు గ్రాములకు కాస్త తక్కువ. అన్నీ కలిపి ఒక మూటలో కడితే ఐదున్నర, ఆరు కిలోల మధ్య తూగుతుంది. ఒక మనిషి చంకన పెట్టుకుని నడవగలిగిన బరువే.

భారతదేశంలో దొరికిన రోమను వెండి నిధుల్లో ఇది పెద్దవాటి సరసన నిలబడుతుంది. అంత వెండి ఒకచోట దాచినవాడు పొలం పని చేసుకునే మామూలు రైతు అయి ఉండడు. దారి వెంట సరుకు నడిపేవాడో, నడిపేవాళ్లకు పెట్టుబడి పెట్టేవాడో అయి ఉండాలి. దాచినవాడు తిరిగి వచ్చి తీసుకోలేదు గనుకనే మనకు దొరికింది. ప్రతి నిధి వెనకా తిరిగిరాని మనిషి ఒకడుంటాడు.

ఇప్పుడు లంకకు వద్దాం. రోములో ప్లినీ అనే పండితుడు క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఒక పెద్ద విజ్ఞాన గ్రంథం రాశాడు. అందులో లంకను తాప్రొబానే అన్నాడు. క్లాడియస్ చక్రవర్తి కాలంలో, అంటే క్రీ.శ. 41–54 మధ్య, ఎర్ర సముద్రంలో పన్ను వసూలు గుత్తకు తీసుకున్న అన్నియస్ ప్లోకమస్ దగ్గర విముక్తి పొందిన బానిస ఒకడు ఓడలో పోతున్నాడు. అరేబియా దగ్గర గాలికి ఓడ దారి తప్పింది. పదిహేనో రోజున లంకలోని ఒక రేవుకు కొట్టుకొచ్చింది. అక్కడి రాజు అతన్ని ఆదరించాడు. ఆరు నెలలు ఉండి అతను ఆ భాష నేర్చుకున్నాడు. రోము గురించి రాజు అడిగినవాటికి జవాబులు చెప్పాడు.

రాజును ఆశ్చర్యపరిచింది రోము సైన్యం కాదు, భవనాలు కాదు. ఆ మనిషి దగ్గరున్న దీనారియస్‌లు. నాణేల మీద బొమ్మలు వేరువేరు రాజులవి. బరువు మాత్రం అన్నిటికీ ఒక్కటే. రాజులు మారినా తూకం మారని దేశమంటే నమ్మదగ్గ దేశమని అతను లెక్క వేసుకున్నాడు. రోముకు నలుగురు రాయబారుల్ని పంపాడు. ఆ కథను మన నిమ్మ మార్కెట్లో చెబితే వివరించాల్సిన పని లేదు. కాటా సరిగా ఉన్న కొట్టు ఏదో అక్కడ అందరికీ తెలుసు.

లంక రాజు అరచేతిలో పెట్టుకుని తూచి చూసిన నాణెం, అక్కెనపల్లి నేలలో పడుకున్న నాణెం ఒకే కొలిమి సంతానం. తూర్పు దేశాలకు చేరిన వెండిలో ఎక్కువ భాగం ఆగస్టస్, టైబీరియస్ నాణేలే. అప్పటి గ్రీకు నావికుడొకడు రాసిన ఎర్ర సముద్ర యాత్రా గ్రంథం మన కృష్ణా తీరాన్ని 'మసాలియా' అంది. అక్కడ సన్నటి నూలు బట్టలు దండిగా తయారవుతాయని చెప్పింది. అదే పుస్తకంలో లంక గురించి ముత్యాలు, మెరిసే రాళ్లు, తాబేటి చిప్పలు అని రాసి ఉంది. బట్ట మన వైపు, ముత్యం వాళ్ల వైపు. మధ్యలో వెండి తిరుగుతోంది.

ఎర్రచెలక, ఎర్ర దీవి

హైదరాబాద్ నుంచి కొలంబోకు విమానంలో దాదాపు రెండు గంటలు. మన ఊరి నుంచి విమానాశ్రయానికి పోవడానికే అంతకంటే ఎక్కువ పట్టింది. దిగి ఉత్తరం వైపు అనురాధపురం దారి పట్టాను. దారి పక్కన మట్టి చూసి నవ్వొచ్చింది. అచ్చం మన ఎర్రచెలక.

లంకకు పాత పేరు తంబపణ్ణి. మహావంశం అనే పాళీ గ్రంథం ఈ పేరుకు ఒక కథ చెబుతుంది. విజయుడు అనే రాకుమారుడి మనుషులు ఓడ దిగి, అలసిపోయి, చేతులు నేలకు ఆనించి కూర్చున్నారట. లేచి చూసుకుంటే అరచేతులు రాగి రంగులో ఉన్నాయట. అందుకని ఆ చోటు తంబపణ్ణి అయింది. వానాకాలం మొదటి దుక్కి దున్ని వచ్చిన నల్గొండ రైతు అరచేయి చూసినవాడు ఈ కథను ఇట్టే నమ్ముతాడు.

అనురాధపురంలో అందరూ మొదట చూసేది బోధి చెట్టు. అశోకుడి కూతురు సంఘమిత్త బుద్ధగయ నుంచి తెచ్చిన కొమ్మ నాటితే పెరిగిన చెట్టని సంప్రదాయం. చుట్టూ బంగారు రంగు కటకటాలు, కొమ్మలకు ఊతకర్రలు. తెల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్లు తామర మొగ్గల రేకులు ఒక్కొక్కటిగా మడిచి పువ్వును విప్పి పెడుతున్నారు. అక్కడ నిలబడ్డప్పుడు నా మనసు నాగార్జునకొండకు పోయింది.

బోధిసిరి లెక్క

నాగార్జునసాగర్ జలాశయం కింద ఒక లోయ ఉంది. క్రీ.శ. మూడో శతాబ్దంలో అది విజయపురి, ఇక్ష్వాకు రాజుల రాజధాని. 1926లో సూరపురాజు వెంకటరామయ్య అనే తెలుగు ఉపాధ్యాయుడు అక్కడి శిథిలాల సంగతి బయటపెట్టాడు. తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. ఆనకట్ట కట్టాలని తేలాక (1955 డిసెంబరు 10న నెహ్రూ దానికి పునాది వేశాడు), నీళ్లు రాకముందే చూడాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వారు. నీళ్లు నిండాక కొండ కొన ఒక్కటే పైకి తేలి దీవి అయింది. ఇప్పుడు అక్కడి మ్యూజియానికి లాంచీలో పోవాలి. అలా మనకూ ఒక దీవి దక్కింది.

ఆ లోయలో నహరాళ్లబోడు అనే గుట్ట మీద ఒక చైత్యగృహం నేల మీద పొడుగాటి శాసనం దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక చెక్కించింది. ఆమె రాణి కాదు. గోవగామం అనే ఊరి గృహస్థు కుటుంబం. 'చిన్న ధమ్మగిరి' మీద ఈ చైత్యగృహాన్ని ఎవరి కోసం కట్టించిందో ఆమె స్పష్టంగా చెప్పింది: తంబపణ్ణి ఆచార్యుల కోసం. అంటే లంక భిక్షువుల కోసం. ఆ ఆచార్యులు ఏయే దేశాల్లో ధర్మం చెప్పారో పేర్లు వరసపెట్టింది. కశ్మీరం, గాంధారం, చీనా, చిలాతం, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, పాలూరు, తంబపణ్ణి దీవి. కృష్ణ ఒడ్డున కూర్చున్న ఒక ఇల్లాలి నోట చీనా నుంచి యవనం దాకా దేశాల పట్టీ! బడిలో నేర్చుకున్న భూగోళమా అది? రేవుల నుంచి, దారుల నుంచి, వచ్చిపోయేవాళ్ల నోటి నుంచి విన్న భూగోళం.

ఆ తర్వాత ఆమె తన దానాల లెక్క చెబుతుంది. కులహ విహారంలో ఒక చైత్యగృహం. సీహళ విహారంలో బోధి చెట్టుకు ఒక ప్రాసాదం. దేవగిరి మీద ఒక ప్రార్థనశాల. పూర్వశైలంలో ఒక చెరువు, ఒక మండపం. కంటకసెలలో మహాచైత్యం తూర్పు వాకిట ఒక రాతి మండపం. హిరుముఠువలో మూడు గదులు, పాపిలలో ఏడు గదులు. ఇంటి ఖర్చుల పుస్తకం రాసే మనిషి చేతిలా ఉంటుంది ఆ వరస. చివరికి పని చూసుకున్న భిక్షువుల పేర్లు, రాయి చెక్కిన విధికుడి పేరు. డబ్బు పెట్టినామె పేరుతో పాటు ఉలి పట్టినవాడి పేరూ నిలిచింది. 

ఈ లెక్కలో రెండు మాటల దగ్గర ఆగాలి. మొదటిది సీహళ విహారం, అంటే సింహళ విహారం. లంక వాళ్లకంటూ ఒక మఠం కృష్ణ ఒడ్డున ఉంది. అందులో బోధి చెట్టు, దానికి కట్టడం. అనురాధపురంలో నేను చూసిన పద్ధతే ఇక్కడా. రెండోది కంటకసెల. కృష్ణా జిల్లా ఘంటసాల అది. గ్రీకు భూగోళవేత్త టాలెమీ దాన్ని వ్యాపార రేవుగా పేర్కొన్నాడు. మఠం పేరు, రేవు పేరు ఒకే దాత ఖాతాలో పడ్డాయి. భిక్షువు ఎక్కిన ఓడ వ్యాపారిదే గనుక ఆ రెండింటినీ ఒకచోట రాయడం ఆమెకు సహజంగానే తోచి ఉంటుంది.

రాకపోకలు ఒకవైపువే కావు. ఇక్కడి పలనాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లరాయి, చెక్కిన శిల్పాలుగా లంకకు పోయింది. అనురాధపురం చుట్టుపక్కల దొరికిన కొన్ని బుద్ధ విగ్రహాల మడతల చీవరం చూస్తే అమరావతి, నాగార్జునకొండ శిల్పుల చేయి గుర్తొస్తుంది. అక్కడి మెట్ల ముందు అర్ధచంద్రంగా పరిచే చంద్రశిలలకు నాగార్జునకొండలోనూ తోబుట్టువులు ఉన్నాయి. 2022లో నాగార్జునసాగర్ దగ్గర తెరిచిన బుద్ధవనంలో లంకలోని అవుకన బుద్ధుడి నమూనా నిలబెట్టారు. అక్కడివాళ్లు ఇచ్చిన కానుక అది. పదిహేడు వందల ఏళ్ల తర్వాత వచ్చిన తిరుగు వాయనం అనుకోవచ్చు.

మనుషులూ వచ్చారు. బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడి శిష్యుడు ఆర్యదేవుడు సింహళంలో రాజు కొడుకుగా పుట్టాడని బౌద్ధ వ్యాఖ్యాత చంద్రకీర్తి చెబుతాడు. వాళ్లిద్దరి మొదటి కలయికను చీనా యాత్రికుడు యువాన్ చువాంగ్ ఒక కథగా రాశాడు. సింహళం నుంచి వచ్చిన ఆర్యదేవుడు వాకిట నిలబడి వాదానికి అనుమతి అడిగాడు. నాగార్జునుడు ఏమీ మాట్లాడకుండా అంచుదాకా నీళ్లు నింపిన గిన్నెను శిష్యుడితో పంపాడు. ఆర్యదేవుడూ ఏమీ మాట్లాడలేదు. అందులో ఒక సూది వేసి తిరిగి పంపాడు. నీళ్లు జ్ఞానమైతే సూది దాని అడుగుదాకా పోగల బుద్ధి. ఒక్క చుక్క బయటికి పొర్లలేదు. అదీ ఒక తూకమే.

గాలె: రాయి, చెక్క, కోట

దీవి దక్షిణపు కొసకు రైల్లో పోతే పట్టాల పక్కనే సముద్రం. కొన్నిచోట్ల అల నురుగు కిటికీలోకి కొడుతుందేమో అనిపిస్తుంది. నా పక్క సీట్లో కూర్చున్న పిల్లకు అది రోజూ చూసే బడి దారి. నేను మాత్రం కిటికీ వదల్లేదు. మెట్టలో పుట్టినవాడి ఆబ అది.

గాలె కోట మూడు వైపులా సముద్రం ఉన్న ముక్కు మీద కూర్చుంది. మొదట కట్టింది పోర్చుగీసువాళ్లు. 1640లో డచ్చివాళ్లు పట్టుకుని ఇప్పుడు మనం చూసే బురుజులు లేపారు. 1796లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. పాత ద్వారం లోపలి వైపు డచ్చి కంపెనీ ముద్ర, రెండు సింహాలు, పైన ఒక కోడిపుంజు, 1669 అనే అంకె. ద్వారం మీదే గిడ్డంగి. లోపలి వీధుల కింద డచ్చివాళ్లు కట్టిన మురుగు కాలువల్ని సముద్రపు పోటు నీరే కడుగుతుంది. సాయంత్రం బురుజుల మీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. కింద ఉనవటున వైపు అర్ధచంద్రంగా వంగిన తీరం. ఇసుక ఆవాల కంటే సన్నం, బెల్లం పాకం రంగు. నీళ్లలో దిగి మోకాళ్లదాకా నిలబడ్డాను. అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక జారుతుంటే నేలే నడుస్తున్నట్టుంది. ఈ తీరంలో ఇంకాస్త తూర్పుకు పోతే గొడవాయ. అక్కడి రేవు సుంకాన్ని విహారానికి ఇస్తున్నట్టు గజబాహు రాజు శాసనం రెండో శతాబ్దంలోనే చెక్కించాడు. ఆ ఊరికి ఎదురుగా సముద్రం అడుగున రెండు వేల ఏళ్ల నాటి ఓడ, గాజు దిమ్మలతో సహా దొరికింది.

గాలెలో 1911లో ఒక కాలువ మీద మూతగా వేసిన రాతి పలకను తిరగేస్తే మూడు భాషల రాత కనబడింది. చీనా, తమిళం, పర్షియన్. 1409 నాటిది. చీనా నౌకాధిపతి చెంగ్ హో పెట్టించినది. ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది. చీనా భాగంలో కానుకలు బుద్ధుడికి, తమిళ భాగంలో తేనవరై నాయనారుకు, అంటే విష్ణువుకు, పర్షియన్ భాగంలో అల్లాకు. కానుకల పట్టీ మూడింటా దాదాపు ఒకటే: బంగారం, వెండి, పట్టు, సుగంధ తైలం. ముగ్గురు దేవుళ్లకూ ఒకే కాటాతో తూచినట్టు. ఏ కొనుగోలుదారూ తగ్గినట్టు అనుకోకూడదని తెలిసిన వ్యాపారి పని అది.

తర్వాత వచ్చినవాళ్లకు ఆ ఓర్పు లేదు. వాళ్లకు కావాల్సింది దాల్చిన చెక్క. ఒక తోటలో చెక్క ఒలిచే పని చూశాను. ఒకాయన నేల మీద కూర్చుని, బొటనవేలంత లావు పచ్చి కొమ్మ తీసుకుని, వంకర కత్తితో పైబెరడు గోకేశాడు. ఇత్తడి కడ్డీతో కొమ్మ పొడవునా గట్టిగా రుద్దాడు. చెక్క లోపల కర్ర నుంచి విడిపోతుంది. రెండు గాట్లు పెట్టి, కత్తి మొన ఆడించగానే బెరడు రెండు దోనెలుగా ఊడి వచ్చింది. ఒకదాంట్లో ఒకటి దూర్చి, మధ్యలో చిన్న ముక్కలు కూరి, మూడున్నర అడుగుల గొట్టం చేశాడు. దాన్ని తాళ్ల మీద నీడలో ఆరబెడతారు. ఆరాక అది చుట్ట చుట్టిన కాగితంలా పెళపెళలాడుతుంది. మన కిరాణా కొట్లో బిర్యానీకి ఇచ్చే చెక్క చాలావరకు వేరే చెట్టుది. మందంగా, మొరటుగా ఉంటుంది.

ఈ పలుచటి చెక్క కోసం డచ్చివాళ్లు దీవి తీరమంతా తాళం వేశారు. కంపెనీ అనుమతి లేకుండా చెక్క ఒలిచినా, అమ్మినా మరణశిక్ష. ఇక కాటా ఇద్దరిది కాదు. ఒకవైపు పళ్లెంలో ఫిరంగి కూర్చుంది.

ఏనుగు దారి

డచ్చివాళ్లకు మన వైపు గుమ్మం మచిలీపట్నం. గోల్కొండ సుల్తాను అనుమతితో 1606లో అక్కడ వ్యాపారశాల తెరిచారు. సాలెల మగ్గాల బట్ట, అద్దకపు కలంకారీ ఇక్కడ కొని తూర్పు దీవుల్లో మసాలాలకు మార్చేవాళ్లు. 1658లో యాప్న (జాఫ్నా) పట్నం కూడా వాళ్ల చేతికి వచ్చాక లంక ఏనుగుల వ్యాపారం వాళ్ల గుప్పిట్లో పడింది. యాప్నలో ఏనుగుల సంత. దానికి గోల్కొండ వ్యాపారులు పెద్ద గిరాకీ. ఏనుగును మూరలతో కొలిచి ధర కట్టేవాళ్లు. వజ్రాల వ్యాపారి తావెర్నియే రాసిన ముచ్చట ఒకటుంది: లంక ఏనుగును మిగతా ఏనుగుల ముందుకు తెస్తే, అవి తొండం కొస నేలకు ఆనించి పైకెత్తి దానికి దండం పెడతాయట. వ్యాపారి నోటి మాట గనుక కాస్త తూచి తీసుకోవాలి. ధర ఎక్కువ పలికే సరుకుకు ఇలాంటి కథలు కుట్టడం సంతల్లో కొత్త కాదు.

రేవులో దిగిన ఏనుగు కాలినడకన గోల్కొండకు రావాలి. మచిలీపట్నం–గోల్కొండ బాటలు కృష్ణ లోయ వదిలి మన మెట్ట మీదికే ఎక్కుతాయి. తావెర్నియే రాసుకున్న మజిలీల్లో మన పానగల్లు పేరూ వినబడుతుంది. ఫణిగిరి నాణెం మీద ఏనుగు బొమ్మ చూసిన నేల మీదనే, పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత, ఓడ దిగిన ఏనుగులకు చెరువు కట్టల మీద నీళ్లు పట్టారు.

బందరు గాలి ఒక మనిషి జీవితాన్ని లంకకు ఎలా విసిరేసిందో కూడా చెప్పుకోవాలి. 1659 నవంబరు 19న మచిలీపట్నం రేవులో పెద్ద తుపాను కొట్టింది. చాలా ఓడలు పోయాయి. లండనుకు తిరుగు ప్రయాణానికి సరుకు ఎక్కించుకుంటున్న 'ఆన్' అనే ఇంగ్లీషు ఓడ పెద్ద స్తంభాన్ని నరికేసుకుని బతికింది. ఆ ఓడతో ఇంటికి పోలేమని తేలాక, బాగు చేసుకుంటూ కాస్త వ్యాపారం కూడా చేయమని బట్టల మూటలిచ్చి లంకలోని కొట్టియార్ రేవుకు పంపారు. అక్కడ దీవి నడిమి కొండల్లోని కాండీ రాజ్యపు రాజు మనుషులు కెప్టెన్ను, అతని కొడుకు రాబర్ట్ నాక్స్‌ను, మరికొందరిని పట్టుకున్నారు. తండ్రి అక్కడే జ్వరంతో చనిపోయాడు. కొడుకు పంతొమ్మిదేళ్లు ఆ కొండల్లో బందీగా బతికి 1679లో తప్పించుకున్నాడు. 1681లో అతను రాసిన లంక పుస్తకం రాబిన్సన్ క్రూసో కథకు ఒక ప్రేరణ అంటారు. ఒంటరి దీవి మనిషి కథకు తొలి గాలి మన బందరులో వీచింది.

తెలుగు వంశం, తెలుగు సంచారం

కాండీ కొండల్లో సరస్సు పక్కన బుద్ధుడి దంతం ఉంచిన దంతాలయం ఉంది. దాని ఎనిమిది మూలల మండపం, ఎదుటి సరస్సు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడి కాలంలోవి. అతని వంశం నాయకర్లు. 1739లో వీర నరేంద్ర సింహుడు వారసుడు లేకుండా పోతే, మదురై నుంచి పెళ్లి చేసుకు తెచ్చిన రాణి తమ్ముడు శ్రీ విజయ రాజసింహుడు సింహాసనం ఎక్కాడు. దక్షిణాదికి వలసపోయిన తెలుగు నాయకుల కుదురు వాళ్లది. తర్వాత వచ్చిన కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాం నుంచి భిక్షువుల్ని పిలిపించి, దీవిలో ఆగిపోయిన ఉపసంపద దీక్షను మళ్లీ నిలబెట్టాడు. ఒకప్పుడు తంబపణ్ణి ఆచార్యులకు బోధిసిరి చైత్యం కట్టించింది. పదిహేను వందల ఏళ్లకు తెలుగు మూలాల రాజు ఆ దీవిలో దీక్ష ఆరిపోకుండా చూశాడు. ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో తూచడం కష్టం.

1815 మార్చి 2న కాండీని ఇంగ్లీషువాళ్లకు అప్పగించిన కాండీ ఒప్పందం జరిగింది. అంతకు ముందే ఫిబ్రవరిలో చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు పట్టుబడ్డాడు. ఇంగ్లీషువాళ్లు అతన్ని వెల్లూరు కోటకు పంపారు. 1832లో అక్కడే చనిపోయాడు. పాలారు ఒడ్డున సమాధి ఉంది.

రాజులు పోయినా ఆ దీవిలో తెలుగు పోలేదు. అహికుంటికలు అనే సంచార జాతి ఉంది. పాములాడించడం, కోతులాడించడం, చెయ్యి చూసి చెప్పడం వాళ్ల వృత్తి. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. ఇప్పుడు కుడగమ, అలిగంబె లాంటి చోట్ల స్థిరపడ్డారు. పిల్లలు బడిలో సింహళమో తమిళమో చదువుతున్నారు. పెద్దవాళ్ల నోట మిగిలిన తెలుగుకు లిపి లేదు, పుస్తకం లేదు. సింహాసనం మీది తెలుగు డెబ్బై ఆరేళ్లు నిలిచింది. పాము బుట్టతో ఊరూరా తిరిగిన తెలుగు ఇంకా బతికే ఉంది.

మళ్లీ కాటా దగ్గర

ఊరికొచ్చిన మర్నాడు మార్కెట్కు పోయాను. పెద్దనాయనకు గాలెలో కొన్న దాల్చిన చెక్క కట్ట ఇచ్చాను. ఒక గొట్టం తీసి వాసన చూశాడు. వేళ్లతో నలిపాడు. పెళుసుగా విరిగింది.

"మన కొట్ల చెక్క గిట్ల లేదురా. పలుసగున్నది," అన్నాడు. తర్వాత దాన్ని అరచేతిలో పెట్టుకుని, రెండుసార్లు ఎగరేసి, "తులం ఎంతకిచ్చిండు?" అని అడిగాడు.

దుమ్ము పట్టిన ఆ అరచేయి రాగి రంగులో ఉంది. ధర చెప్పాను. కాసేపు లెక్క వేసుకున్నాడు.

"మోసపోలేదు తియ్యి," అని చెక్కను కండువా కొసన ముడేసుకుని, కాటా మీదికి ఎక్కుతున్న తన బస్తా వైపు తిరిగాడు.

(వచ్చే భాగంలో: పానగల్లు చెరువు కట్ట మీద తావెర్నియే మజిలీ – వజ్రాల గని దాకా)